చప్పుడు కాని పేజీ

ఒత్మార్ మాష్టారు గ్లాసు ముట్టుకోకుండానే మాట మొదలుపెట్టాడంటే ఇక ఆ పూట ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మిలాడా బీరు కొట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. బీరు మీద నురగైనా కాసేపటికి దిగుతుంది గానీ ఈయన మాటల పొంగు దిగదు.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చినవాళ్ళు సూపు తాగి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. పొయ్యి పక్క బల్ల దగ్గర ముగ్గురు మిగిలారు. రైళ్ళ మీద గార్డుగా చేసి రిటైరైన లుమీర్, మాంసం కొట్టు బోహుష్, మాష్టారు. కౌంటరు వెనక మిలాడా గ్లాసులు తుడుస్తోంది. ఆమె వెనక అలమరలో కొత్త రికార్డు మోగుతోంది. పియానో లిబూషెది, వయొలిన్లూ వయోలా చెల్లో పట్టుకున్న నలుగురూ రాజధాని వాళ్ళు. ఊరి చివర కోట హాల్లోనే చలికాలంలో రికార్డు చేశారు. మొన్ననే బయటికి వచ్చింది. ఆ లిబూషెకి చిన్నప్పుడు పియానో మీద చెయ్యి పెట్టించింది మాష్టారే. ఆమె పెద్దదై దేశాలు తిరిగినా, సొంత ఊళ్ళో వాయించిన ప్రతిసారీ పక్క కుర్చీలో కూర్చుని ఆమె ముందున్న స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పిందీ ఆయనే.

మాష్టారు ఉన్నట్టుండి వేలెత్తాడు. "ఇదిగో, ఇక్కడ. విన్నారా?"

"ఏం వినాలిరా?" అన్నాడు లుమీర్.

"ఏమైనా వినపడిందా?"

"పియానో తప్ప ఏమీ లేదు."

"అదే నేను," అన్నాడు మాష్టారు, కుర్చీలో వెనక్కి వాలి. "అక్కడ పేజీ తిప్పాను."

మిలాడా నవ్వింది. లుమీర్ నవ్వాడు. బోహుష్ నవ్వలేదు, గ్లాసు కింది అట్టముక్క అంచు చింపుతూ కూర్చున్నాడు.

నిజానికి ఆ రికార్డులో మాష్టారు ఒక్క పేజీ కూడా తిప్పలేదు. లిబూషె ఆయన్ని పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఆయనకి తెలియదు. ఇప్పుడంతా కంప్యూటర్ తెరలొచ్చాయట, కాలితో నొక్కితే పేజీ మారిపోతుందట, అదే పెట్టుకుని ఉంటుంది, మనిషితో పనేముంది అని తనకి తనే చెప్పుకున్నాడు. అలా అనుకుంటేనే రాత్రిళ్ళు కాస్త కన్ను మూతపడేది. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన దగ్గర మిగిలింది ఆ పక్క కుర్చీ ఒక్కటే. అది కూడా పోయిందని ఈ బల్ల దగ్గర తెలిస్తే ఇక తనెవరు? పేజీలు తిప్పేవాడి పేరు ఏ రికార్డు అట్ట మీదా వేయరు కాబట్టి, ఈ అబద్ధానికి ఢోకా లేదనుకున్నాడు.

"మొదటిరోజు పెద్దగా ఏమీ లేదులే," అని అందుకున్నాడు. "మామూలుగా కూర్చున్నాను, చివర రెండు వరుసలుండగా లేచాను, కొస పట్టాను, తిప్పాను, అంతే. అవతల గదిలో రికార్డింగ్ అతను చెవులకి డబ్బాలు తగిలించుకుని కూర్చుంటాడు కదా, అతను స్పీకర్లోంచి ఆపండి అన్నాడు. అందరి గుండెలూ జారిపోయాయి. 'ఏమండీ, పేజీ తిప్పారా, ఆవిడ చూడకుండా వాయించేస్తోందా?' అన్నాడు. తిప్పానయ్యా అంటే నమ్మడే. వచ్చి పుస్తకం చూసుకుని మరీ పోయాడు."

"పేజీ తిప్పడమూ ఒక గొప్పేనా?"

"నువ్వు పచ్చజెండా ఊపినట్టనుకున్నావట్రా లుమీర్? చొక్కాకి గంజి పెట్టనివ్వలేదు, మోచెయ్యి వంచితే కరకరమంటుందని. బూట్లు గుమ్మంలో విప్పేసి ఉన్ని మేజోళ్ళతో నడిచాను. ముందురోజు నుంచీ క్యాబేజీ లేదు, చిక్కుళ్ళు లేవు, మిలాడా పోసే బీరూ లేదు. పొట్ట మాట్లాడితే మైకు ఊరుకుంటుందా?"

"పొట్ట ఊరుకుంది సరే, నోరెట్లా ఊరుకుంది మాష్టారూ?" అంది మిలాడా.

ఉన్ని మేజోళ్ళ మాట మాత్రం నిజం. రికార్డు ఉందని తెలిసిన రోజే కొన్నాడు. వాటిని ఫోను పక్కన పెట్టుకుని ఎదురుచూశాడు. ఫోను రాలేదు. ఆఖరికి ఉండబట్టలేక మంచులో కోట దాకా నడిచి, కిటికీల కింద నిలబడ్డాడు. లోపల్నుంచి దుప్పట్లు కట్టేశారు, ఒక్క స్వరం బయటికి రాలేదు. కాళ్ళు కొయ్యబారేదాకా నిలబడి ఇంటికొచ్చాడు. ఆ రోజు ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు మళ్ళీ పైకి రాకుండా ఉండటానికే ఈ మాటలన్నీ.

"రెండోరోజు ఏమైందో తెలుసా? ఈగ దూరింది."

"జనవరిలో ఈగేమిట్రా?" అన్నాడు లుమీర్.

"వచ్చింది, నన్నేం చెయ్యమంటావు? వయోలా ఆవిడ నెత్తి మీద గుయ్యిమంటూ తిరుగుతోంది, రికార్డింగ్ అతను తల పట్టుకున్నాడు. నేను దాన్ని ఊరికే ఒక్క చూపు చూశాను. టక్కున కింద వాలింది, వాలి, రెక్కలు ముడుచుకుని, తలుపు దాకా నడుచుకుంటూ పోయింది. నడుచుకుంటూ. నా మేజోళ్ళు చూసి నేర్చుకున్నట్టుంది. అంతటితో అయిపోతే బాగుండును. సరిగ్గా నెమ్మదిగా సాగే భాగం వాయిస్తుంటే చర్చి గంట కొట్టే వేళైంది. లిబూషె నాకేసి చూసింది, ఆ చూపు చూస్తే మీకు కడుపు తరుక్కుపోయేది. నేను వేలెత్తాను. ఎత్తితే, గంట ఊగింది గానీ మోగలేదు. కిందనున్న ఫాదరు తాడు పట్టుకుని నాకు చెవుడొచ్చిందిరా దేవుడా అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు."

"పాపం ఫాదరు."

"ఫాదరు సంగతి సరే, నీ రైలు సంగతి వినరా. వంతెన దగ్గర అది వంకర తిరిగేటప్పుడు కీచుమంటుంది కదా. నేను ఎడం చేత్తో పేజీ పట్టుకుని కుడి చెయ్యి కిటికీ వైపు ఇలా పెట్టాను. బండి మొత్తం పిల్లిలా నడిచిపోయింది. లోపల పసిపిల్లలున్న తల్లులందరూ ఇదేమి హాయిరా అనుకున్నారట."

"ఆ లైన్లో ముప్ఫై ఏళ్ళు చేశానురా, ఆ కీచుమనడం దేవుడు దిగొచ్చినా ఆగదు."

"దేవుడు పేజీలు తిప్పలేదుగా."

లుమీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు వింటే మాష్టారికి ఒక్క క్షణం అంతా నిజమేననిపించింది, తను కోట హాల్లోనే ఉన్నాననిపించింది. బోహుష్ మాత్రం తల ఎత్తలేదు. అది మాష్టారికి గుచ్చుకుంది.

"ఏరా బోహుష్, నీకేం అర్థమవుతుందిలే. నీకు సంగీతమంటే ఎముక మీద కత్తి పడ్డ చప్పుడు. ఆఖరి రోజు ఏమైందో వీడికి చెప్పినా దండగే, మీరు వినండి. పేజీలు తిప్పీ తిప్పీ నా చేతుల్లోంచి వచ్చిన నిశ్శబ్దం ఎంత పేరుకుపోయిందంటే, రికార్డులో పట్టక మిగిలిపోయింది. ఏం చేద్దామన్నాడు రికార్డింగ్ అతను. పారేయడానికి మనసొప్పక పొట్లం కట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. వంటింట్లో పొట్లం మూల కాస్త విప్పానో లేదో, పక్కింటి కుక్క మొరగబోయి, నోరు తెరిచి, ఏం మరిచిపోయానా అన్నట్టు నిలబడిపోయింది."

"అయితే శనివారం ఆ పొట్లం తెండి మాష్టారూ," అంది మిలాడా, గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తూ. "లిబూషె, ఆ నలుగురూ ఇక్కడే భోంచేస్తారట, బాతు మాంసం వండమని చెప్పింది. బల్లలన్నీ కలిపి వేస్తున్నాను, ఊరంతా వస్తుంది. ఇవన్నీ ఆమె పక్కన కూర్చుని మళ్ళీ చెప్పాలి మీరు."

శనివారం లిబూషె వస్తే అబద్ధం బయటపడిపోతుంది. అక్కడే నవ్వేసి ఊరుకుని ఉంటే సరిపోయేది. పనుందనో, జలుబు చేసిందనో అనవచ్చు. తెలుసు ఆయనకి. అయినా నోరు ఆగలేదు.

"నేను చెప్పడమెందుకు, ఆవిడే లేచి చెబుతుంది. రెండో రికార్డు వేసవిలో ఉంది, మాష్టారు పక్కన లేకపోతే పియానో మూతే తెరవను అంది. చేతులు పట్టుకుని మరీ అంది. శనివారం మీరే వింటారు."

తన గోతిని తనే తవ్వుకుంటున్నట్టు చెబుతూనే ఉన్నాడు.

"మాష్టారూ, చాలండి," అన్నాడు బోహుష్.

"ఏమిట్రా చాలు?"

"శనివారం ఇవన్నీ ఆవిడ ముందు అనకండి. మీకు దండం పెడతాను."

"ఎందుకు అనకూడదు?"

బోహుష్ అట్టముక్క పక్కన పెట్టాడు. "ఆ పేజీలు తిప్పింది నేనండీ."

లుమీర్ నవ్వబోయి, బోహుష్ మొహం చూసి మానేశాడు.

"నువ్వా?" అన్నాడు మాష్టారు. "తెర పెట్టుకుందనుకున్నానే."

అనేశాక గానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. మిలాడా గ్లాసు తుడవడం ఆపింది.

"తెర కాదండీ, కాగితాలే. లిబూషె నా కొట్టుకి వచ్చి, నీకు స్వరాలు చదవడం వచ్చు కదా అంది. చిన్నప్పుడు మీరు చెవి మెలేసి నేర్పారు కదా, వచ్చన్నాను. మీకు చెప్పొద్దంది."

"నీ చేతులెప్పుడైనా చూసుకున్నావా? ఆ చేతులతో?"

"రెండుసార్లు చప్పుడైంది. అక్కడ మళ్ళీ వాయించారు."

"రెండుసార్లు," అన్నాడు మాష్టారు. "రెండుసార్లు చప్పుడు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నన్ను వద్దందా? ఎందుకు? నా చెయ్యి వణికిందా? ఇన్నేళ్ళలో ఒక్క పేజీ ముందో వెనకో అయిందా? చెప్పరా."

"చేతులది కాదండీ." బోహుష్ మిలాడా వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. "మూడేళ్ళ కిందట చేసిన రికార్డు బయటికే రాలేదు కదా. చెల్లో అతను చెడగొట్టాడని మీరు తిడుతుంటారు. అతని తప్పు కాదటండీ. నెమ్మదిగా వాయించిన చోటల్లా మీ ఊపిరి వినిపించిందట. ఈల వేసినట్టు. ఎంత తుడిచినా పోలేదట. ఆ సంగతి చెప్పాలని మీ గుమ్మం దాకా వచ్చి, చెప్పలేక తిరిగిపోయిందట. నా కొట్లో నిలబడి ఏడ్చింది మాష్టారూ."

"నా ఊపిరా?" అన్నాడు మాష్టారు. "ఊపిరికి చప్పుడేమిటి?"

ఆయన లుమీర్ వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చెప్పు. రోజూ నా పక్కనే కూర్చుంటావు. ఎప్పుడైనా విన్నావా?"

లుమీర్ గ్లాసు పక్కకి జరిపాడు.

"మాకు అలవాటైపోయిందిరా," అన్నాడు.

రికార్డు అయిపోయింది. వీధిలో కూడా ఎవరూ లేరు. సన్నగా ఈలలాంటి చప్పుడొకటి మాష్టారి చెవిన పడింది. పొయ్యిలో తడికట్టె ఏదో మండుతోందనుకున్నాడు. ఆగింది, మళ్ళీ మొదలైంది. ఎక్కడిదా అని చుట్టూ చూశాడు. ముగ్గురూ తలలు దించుకుని ఉన్నారు. ఆయన నోరు గట్టిగా మూశాడు, చప్పుడు ఆగింది. ఛాతీ మండేదాకా అలాగే బిగబట్టి కూర్చున్నాడు. ఇక ఆగలేక వదిలాడు. ఈసారి అది కొట్టంతా వినిపించింది.

"ఏదో ఒకటి పెట్టు మిలాడా," అన్నాడు. "ఏదైనా సరే. గట్టిగా పెట్టు."