ఎడమ వైపు పాట ఆగితే

కైరోలో అతబా సందు, పాత రేడియోలు బాగుచేసే కొట్టు. ఊద్ అనే తంతి వాద్యాలకు శ్రుతి చేసి బతికే పెద్దాయన తన ముసలి స్టీరియోను దుప్పట్లో చుట్టి తెచ్చాడు.

"ఉండుండి ఎడమ పక్క మూగబోతోంది ఉస్తా. కాసేపటికి మళ్ళీ తనే పాడుతుంది."

"మీటల్లో మురికి చేరుంటుంది హాజీ. స్పీకరు వైర్లు అటూ ఇటూ మార్చి చూశారా?"

"లేదయ్యా, భయమేసింది."

"భయమా! వైర్లేమన్నా కరుస్తాయా?"

"మార్చాక కూడా ఎడమ పక్కే ఆగితే?"

"ఆ స్పీకరు పోయినట్టు."

"లేకపోతే నా చెవి పోయినట్టు. అది తెలిస్తే ఈ వీధిలో ఎవడయ్యా నాకు ఊద్ ఇస్తాడు?"

కొట్టాయన నవ్వడం మానేశాడు.

"వైర్లొద్దులెండి. స్పీకర్లకి వీపు పెట్టి కూర్చోండి. అప్పుడు ఎడమ స్పీకరు మీ కుడి చెవి వైపుంటుంది. తప్పు పెట్టెదైతే కుడి పక్క ఆగుతుంది."

పెద్దాయన అటు తిరిగి కూర్చున్నాడు. పాట మొదలైంది. రెండో చరణం సగంలో ఎడమ చెవి పక్క లోకమంతా ఆగిపోయింది.

"హాజీ, భుజాలు బిగించారేంటి? ఆగిందా?"

"ఆగింది."

"ఏ పక్క?"

"కుడి పక్కే! అల్‌హందులిల్లాహ్, తప్పు పెట్టెదే. ఆ మురికేదో తుడిచెయ్యి, పట్టుకుపోతా."

"హాజీ..."

"తుడవమంటుంటే!"

"నేను స్పీకర్ల ముందే నించున్నాను హాజీ. రెండిట్లో ఏదీ ఆగలేదు. ఇంకా పాడుతూనే ఉన్నాయి."