వేడి మీద మొరాయించే బండి

షెడ్డు ముందు పాత పికప్ బండి ఆపి ఇరవై నిమిషాలైంది. బానెట్ ఎత్తి మెకానిక్ నిలబడ్డాడు. డ్రైవర్ సీట్లో కూర్చున్న అక్కకు తమ్ముడి మాట మీద పిసరంత నమ్మకం లేదు.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఠక్కున స్టార్టయింది అన్నా. వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్టవ్వదంటాడు మా వాడు. ఇది బండికి జబ్బా, వాడికి సాకా? అది తేల్చు."

"ఇప్పుడు తిప్పు చెల్లెమ్మా."

సెల్ఫు గిరగిర తిరిగింది. ఇంజను అందుకోలేదు.

"జబ్బే. ఆపాక ఇంజను సెగకి పైపులో పెట్రోలు ఆవిరైపోతోంది. పాత పంపు కదా, ప్రెజర్ నిలవట్లేదు."

"అయితే వాడు నిజమే చెప్పాడన్నమాట." ఆమె గొంతు తగ్గింది. "నిన్న ఆసుపత్రి బయట నాన్న వాడి కోసం మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. దారిలో ఎక్కడో ఆపితే బండి మొరాయించిందన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను."

"పోనీలే. దీనికో చిట్కా ఉంది. తాళం సగం తిప్పి, పంపు రొద ఆగేదాకా ఆగు. ఆపేసి, ఇంకోసారి అలాగే చెయ్యి. ఆ, ఇప్పుడు కొట్టు."

ఇంజను ఒక్క ఊపున అందుకుంది.

"ఇంతేనా?"

"ఇంతే. కిందటి నెలే మీ తమ్ముడికి నేర్పాను. ఇక్కడే నాలుగుసార్లు చేసి చూపించాడు కూడా."

ఆమె ఇంజను ఆపి, తాళం పిడికిట్లో బిగించింది.

"పంపు ఇవాళ మార్చకు అన్నా. సాయంత్రం బండి వేడి మీదుండగానే ఆపి, నాన్నను పక్కన కూర్చోబెట్టి, ఈ తాళం వాడి చేతికిస్తాను."