రెండు కొసలకి మూడో తీగెందుకు?

పాల ఫ్యాక్టరీ గేటు పక్కనున్న టీ కొట్లో ఆ పొద్దున అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం. ముందురోజు పంపిన ప్యాకెట్లన్నీ విరిగిపోయాయి. పాలు కాచే అన్న చేతికి మెమో వచ్చింది. మధ్యాహ్నం పన్నెండులోగా సంజాయిషీ రాసివ్వకపోతే ఉద్యోగం హుళక్కి. "బోర్డు మీద డెబ్బై రెండు డిగ్రీలు చూశాకే వదిలాను కదా" అంటాడు పాపం, కాగితం మీద మాత్రం అక్షరం పడదు. అతన్ని ఓదార్చే భారం ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే మా బాబాయ్ అడక్కుండానే నెత్తినేసుకున్నాడు. ఆయన ఓదార్పంటే ఆయన గొప్పలే.

"దిగులెందుకురా? మొన్న ఆ కాచే గదిలో సెన్సర్ పోతే మార్చిందెవరు? నేను! పది నిమిషాలు. లోపల ప్లాటినం తీగ, వెంట్రుకలో సగం. మంచులో పెడితే కరెంటుని వంద ఓములు అడ్డుకుంటుంది, మరిగే నీళ్లలో నూట ముప్పై ఎనిమిదిన్నర. వేడెక్కేకొద్దీ మొండికేస్తుందన్నమాట, అచ్చం మా బావమరిదిలాగా. ఆ మొండితనం ఎంతో కొలిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. కొలవడానికి మీకు మీటర్ కావాలి. నాకెందుకు? నాలిక మీద పెట్టుకుంటే చాలు, ఓముల రుచి తెలిసిపోతుంది!"

"నూట ఇరవై ఏడు ఎలా ఉంటుంది బాబాయ్?" అన్నాను నేను, బుద్ధిమంతుడిలా.

"కాస్త వగరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగని కిటికీలోంచి బయటికి చాపా. ఎదురింటి ముసలాయన జ్వరం నూట రెండని చెప్పేసింది! ఇంకాస్త పైకెత్తా, సూర్యుడి వేడి వచ్చేసింది. గుట్టు బయటపడిందని ఆయన గబుక్కున మబ్బు చాటుకెళ్లాడు."

"వానొచ్చిందా?" అన్నాడు టీ కొట్టాయన.

"రాదూ మరి! జల్లు కొడుతున్నా పని ఆపలేదు. ఆ సెన్సర్‌కి మూడు తీగలిచ్చారు, పిచ్చివాళ్లు. రెండు కొసలకి మూడు తీగలేంటి, రెండు కాళ్లకి మూడు చెప్పులా? మూడోది కత్తిరించి పారేశా. మీటర్ గొణగకుండా దాని మీదున్న మూడో తీగ స్క్రూనీ పక్క స్క్రూనీ చిన్న ముక్కతో కలిపేశా."

ల్యాబ్ అక్క గ్లాసు కింద పెట్టింది. "సెన్సర్ నుంచి మీటర్ దాకా కేబుల్ ఎంత పొడవు బాబాయ్?"

"ముప్పై మీటర్లు! ఒంటిచేత్తో లాగా."

"ఆ కేబుల్ కూడా కరెంటుని కాస్త అడ్డుకుంటుంది. అదెంతో చూసి లెక్కలోంచి తీసెయ్యడానికే మూడో తీగ. మీరు దాన్ని కోసేశారు, కేబుల్ మొండితనం కూడా పాల వేడి కింద జమైంది. బోర్డు డెబ్బై రెండు చూపిస్తుంటే పాలు అరవై ఏడు దగ్గరే ఉన్నాయి. డెబ్బై రెండు దాకా కాగకపోతే విరగక ఏం చేస్తాయి?"

కాచే అన్న పెన్ను మూత తీశాడు.

బాబాయ్ గబుక్కున లేచి చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "అబ్బే, ఏదో సరదాకన్నాను! అసలు మొన్న నేను డ్యూటీకే రాలేదు."

అన్న తలెత్తకుండా రాస్తూనే అన్నాడు: "ఇన్నేళ్లలో మీ మాట మేమందరం నమ్మింది ఇదొక్కటే బాబాయ్. దీన్నీ అబద్ధమంటే ఎలా?"