నాన్న దిగి నిలబడిన చోటు

పాత కూడలిలో అక్కది టైలరు కొట్టు. పురపాలక ఇంజనీరైన తమ్ముడు వచ్చి, కుట్టుమిషను మీదే ప్లాను పరిచాడు. కిటికీలోంచి ఎదురుగా కనబడే ట్రాఫిక్ దిమ్మ అందులో లేదని ఆమె ఇట్టే పట్టేసింది. పోలీసుగా వాళ్ల నాన్న బతుకంతా ఆ దిమ్మ మీదే గడిచింది.

“నాన్న దిమ్మ తీసేస్తావట్రా? నా దిమ్మ తిరుగుతోంది!”

“బైపాస్ పడ్డాక దాన్ని ఎక్కేవాడేడక్కా?”

“గుండెకి బైపాస్ చేస్తే మనిషి లేచి తిరుగుతాడు. ఊరికి చేస్తే మంచాన పడిందేమిట్రా! లారీల హారన్ల గోలలో కూడా నాన్న ఈల ఎంత ఖంగున వినబడేది!”

“ఇప్పుడు రోడ్డు ఖాళీ కదాని బైకులు రివ్వున పోతున్నాయి. దిమ్మ చాటునుంచి వచ్చే పిల్లలు వాళ్లకి కనబడరు. మొన్న సైకిలు మీద వెళ్తున్న పిల్లకి కాలు విరిగింది. నువ్వు వద్దంటే మాత్రం బజారంతా నీ వెనకే వస్తుంది. ఇక పని ఆగినట్టే.”

అక్క ప్లాను మీదికి వంగి ఒకచోట వేలు పెట్టింది.

“ఈ చారలేమిటి?”

“నడిచేవాళ్లు దాటడానికి. రోడ్డు అక్కడ ఎత్తు చేస్తాం, బళ్లు నెమ్మదించక తప్పదు. పక్కన సైకిళ్లకి వేరే బాట.”

“బడి గేటుకి ఎదురుగానా?”

“ఊఁ.”

“బడి వదిలే వేళకి నాన్న దిమ్మ దిగిపోయేవాడు. ఎక్కడ నిలబడేవాడురా?”

“...అక్కడే. లారీలకి అడ్డంగా చేతులు చాపి.”

“మనల్నీ అందరితోపాటే దాటించేవాడు. పలకరిస్తే, ‘డ్యూటీలో ఉన్నా, పదండి’ అని మీసాల్లోనే నవ్వేవాడు.”

“మరి దిమ్మ సంగతి?”

“తీసెయ్. ఈ చారలు మాత్రం ఇంకాస్త వెడల్పు చెయ్యి. నాన్న చేతులు ఇంత పొట్టివేం కావు.”