సింగపూర్ పెట్టె

హలో… ఆ, నేనే, థుయ్‌ని… చెప్పు బిక్ అక్కా.

పనే, ఏముంది. స్ట్రాబెర్రీలకి తొడిమలు గిల్లుతున్నా… పొద్దుటి కోతలో నలిగినవి, జామ్‌కి… మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి చేతులు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద పడేశా.

ఎవరూ లేరు… అత్తయ్య ఉందిలే, కిటికీ దగ్గర తూటికూర తుంచుతోంది. ఆవిడకి సగం వినపడదు, వినపడే సగం వినదు. నువ్వు మాట్లాడు.

—

లేదే. కోపమెందుకు నాకు?

మా ఆయనా… ట్రాక్టర్ మీద ఉన్నాడేమో, చూసి ఉండడు.

చూశాడా… చూసి మొహం తిప్పుకున్నాడా…

సరే అక్కా. కడుపులో పెట్టుకుని నవ్వడం నాకూ చేతకాదు. ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పు. ఆ ఆదివారం, గాలి మా వైపు కొట్టిన రోజు, లొక్ బావ మీ చామంతులకి మందు కొట్టాడా?

ఊరికే ఎందుకడుగుతాను. మా సింగపూర్ సరుకు ఆగిపోయింది.

ఆగిపోయిందంటే ఆగిపోయిందే… నమూనాకని ముందు పంపిన పెట్టె పరీక్షలో తప్పింది. పళ్లలో మందు దొరికిందట. అదీ పువ్వులకి కొట్టే మందు. తినే పంట మీద దాని నీడ కూడా పడకూడదంట.

కాదు, మేం వాడే మామూలు పురుగుమందు కాదు, పువ్వులకే కొట్టేది. డారెన్ ఫోన్ చేసి మరీ చెప్పాడు… మా ఏజెంట్ డారెన్ కాదా, మీకూ ఏజెంటే కదా, కొత్తగా అడుగుతావేం?

మా పొలంలో పువ్వంటే స్ట్రాబెర్రీ పువ్వే అక్కా. కంచె పక్కన చామంతులు వేసిందెవరు? నేనా?

—

సబ్బునీళ్లా… సబ్బునీళ్లతో అంత నిగనిగలాడతాయా మీ చామంతులు? పెళ్లికూతురి జడలో పువ్వుల్లా ఉంటాయి.

నమ్మలేదని కాదు… నమ్మలేదనే అనుకో. మీ షెడ్‌లో ఆకుపచ్చ సీసా ఉంది కదా, గులాబీ బొమ్మది. నేనే చూశా. బుట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు, తలుపు పక్క అరలో.

వెతకలేదమ్మా, కళ్లకి కనపడింది. కళ్లు మూసుకుని వస్తారా ఎవరైనా?

ఇప్పుడు లేదా? బాగుంది. నేను చూసినప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. సీసాకి కాళ్లొచ్చాయా?

—

నువ్వు నన్ను అను, పడతాను. మా ఆయన్ని అనకు. తిండి మానేసి తిరుగుతున్నాడు ఆయన. మళ్లీ పంపేది కూడా తప్పిందంటే ఈ ఏడు మాకు సింగపూర్ లేదు. ఇప్పుడు మన వానెరూ ఊరంతా స్ట్రాబెర్రీలే, పెర్త్ మార్కెట్లో ఎవడు కొంటాడు? కోయకుండా దున్నేయడమే. నీకు తెలియదా… నీకు తెలుసు కాబట్టే చెబుతున్నా.

డారెన్‌కా… ఆ… చెప్పాడు. మా ఆయనే చెప్పాడు, కంచె అవతల పువ్వులున్నాయని.

అబద్ధం చెప్పలేదు కదా, ఉన్నాయి కదా… నేను చెప్పమనలేదు. వద్దని కూడా అనలేదు, అది నిజమే.

ఇవాళా? ఇవాళే వస్తున్నాడా మీ పొలం చూడ్డానికి? మాకు రేపన్నాడే…

మీ పళ్లు కూడా ఆపేస్తాడని నేననుకోలేదు అక్కా. ఒట్టు.

ఏడవకు… ఏడుస్తున్నావా? మరి సీసా ఏదో చెప్పు. సీసా చూపించి, ఇదిగో, విప్పను కూడా విప్పలేదని అంటే అయిపోతుంది కదా.

—

మాకిచ్చారా?

మాకంటే ఎవరికి? నేను అడగలేదు, మా ఆయన అడగలేదు…

అత్తయ్యకా?

ఎప్పుడు… గులాబీలకి పేను పట్టిందని అడిగిందా. నువ్వే తెచ్చిచ్చావా… ఆ, పెరట్లో ఉన్నాయి గులాబీలు. మామయ్య వేసినవి.

ఆగాగు. నాకు తెలుసు నువ్వెక్కడికి లాగుతున్నావో. ఆ నాలుగు మొక్కలు ఇంటి వెనకాల ఉన్నాయి. తోట ఎక్కడ, ఇల్లు ఎక్కడ? ముసలావిడ పిచికారీ కొడితే అంత దూరం పోతుందా? నీ తప్పు తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టకు.

పక్కనా… గులాబీల పక్కన ఏముంది, ఆవిడ తులసీ, పచ్చిమిర్చీ, ఆ థర్మాకోల్ పెట్టెలు… ఆ, వాటిల్లో స్ట్రాబెర్రీ మొక్కలే. తోటలోంచి పీకి పారేసిన పాత రకం మొక్కలు, ప్రాణం ఉసూరుమని తెచ్చి నాటింది. మేకపెంటికల్లా కాస్తాయి. పిట్టలు కూడా ముట్టవు. వాటితో సింగపూర్‌కేం పని?

ఏం లేదత్తయ్యా… బిక్ అక్క. మీరు కూర చూసుకోండి… చెయ్యి ఆపేసి ఇటే చూస్తోంది అక్కా.

—

ఫోటోనా? పంపాడు డారెన్. పరీక్ష చేసేవాళ్లు పెట్టె విప్పగానే తీసింది… ఉంది నా ఫోన్‌లోనే. ఎందుకు?

చిన్నగానే ఉన్నాయి. మా ఆయన అప్పుడే అన్నాడు, దారిలో వడిలి చిక్కిపోయాయని.

పళ్లు చిక్కవా… నువ్వు మరీ చెబుతావు.

ఉండు, చేతులు తుడుచుకుని తీస్తా… తీశా. పెద్దది చేశా.

అక్కా…

పండు ముక్కు వంకరగా ఉంది. ఒక్కోదానికీ. మా తోటలో ఈ రకం పీకేసి ఎన్నాళ్లయింది… ఇది మా పండు కాదు. పెట్టె మాది, మూత మీద చీటీ మా ఆయన రాసిందే. పళ్లు మావి కావు.

ఎవరు మార్చారంటావ్? ఎవరూ రాలేదు మా ఇంటికి. కోల్డ్ రూమ్‌లో పెడితే పనివాళ్లు వేరే పెట్టెలతో కలిపేస్తారని, భద్రంగా ఉంటుందని వంటింటి ఫ్రిజ్‌లో పెట్టాడు మా ఆయన. పొద్దున్నే తనే ఏరి, తనే కోసి… మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి వచ్చి పట్టుకుపోయాడు. ఆ మధ్యలో వచ్చింది నువ్వే.

ఎందుకు రాలేదు? మామయ్య సంవత్సరీకం ఆ రోజేగా! పులుసులో పులుపు తక్కువైందన్నావు కూడా.

కాదు, నిన్ననడం లేదు… ఆగు. నన్ను ఆలోచించుకోనీ.

ఆ రోజు పటం ముందు పళ్లెంలో ఏం పెట్టాం? అరటిపళ్లు నేను పెట్టా, నారింజలు నేను పెట్టా… స్ట్రాబెర్రీలు నేను పెట్టలేదే.

ఆ… ఆ… నువ్వే అన్నావు. ఇంతింత లావు పళ్లు దుకాణంలో కూడా చూడలేదు, మామయ్య అదృష్టవంతుడని అన్నావు. అగరొత్తులు కొండెక్కాక అత్తయ్యే నీ చేతిలో పెట్టింది కదా, పెద్దాయన ప్రసాదం తినమని.

ఎన్ని తిన్నావ్?

ఇంటికి కూడా పట్టుకెళ్లావా… అయితే సింగపూర్ వాళ్లకి వెళ్లాల్సింది నువ్వూ లొక్ బావా కూర్చుని తినేశారన్నమాట.

నవ్వకు. నాకూ నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

—

ఖాళీ పెట్టె వదిలేయడానికి ఆవిడకి మనసొప్పి ఉండదు. ఒకరి గిన్నె తీసుకుంటే ఉత్త గిన్నె తిరిగివ్వదు ఆవిడ, నీకు తెలుసుగా. తన థర్మాకోల్ పెట్టెల్లోవి కోసి నింపేసింది… గులాబీలకి కొట్టిన మందు వాటి మీద పడిందని ఆవిడకేం తెలుసు.

అత్తయ్యా… ఆ రోజు ఫ్రిజ్‌లో ఉన్న పెట్టెలో పళ్లు… మామయ్యకి పెట్టింది అవేనా?

మామయ్య పటంకేసి చూస్తోంది.

ఏమంటుంది పాపం. ఇన్నేళ్లు తోట వేశాడు మామయ్య, ఒక్క మంచి పండు నోట పెట్టుకున్నాడా? బాగున్నవన్నీ పెట్టెల్లోకి. నలిగినవి, పిట్ట కొట్టినవి ఇంట్లోకి. ఇదిగో, ఇప్పుడు నేను గిల్లుతున్నవే… నేనొచ్చిన ఇన్నాళ్లలో ఆయన చేతిలో మచ్చలేని పండు చూడలేదు. చచ్చాకైనా పెడదామనుకుంది.

నాకు తెలుసు. నీ మీద నింద వేశాం. తప్పే.

కానీ అక్కా, ఈ మాట నీ నోట్లోనే ఉండనీ. నిజం చెబితే మా ఆయన మాటేమవుతుంది? నా తోట పళ్లేనని సంతకం పెట్టిచ్చాడు. ఇంట్లో పెట్టెనే కాచుకోలేనివాడు తోటనేం కాస్తాడంటాడు డారెన్… ఇది తల్లి పనని తెలిస్తే ఈయన ఆవిడ మొహం చూస్తాడా? నన్ను మెల్లగా చూసుకోనీ. ఓ రెండు రోజులు—

నీకు రెండు రోజులు లేవు. అవును. వినపడుతోంది… అది మీ కుక్కేనా?

తెల్ల కారా. డారెన్ వచ్చేశాడా.

చెప్పకు అక్కా… చెప్పకపోతే నీది పోతుంది, అదీ నిజమే. నేను చెప్పకు అనడం లేదు. చెప్పమనీ అనలేకపోతున్నా. నన్నేం చేయమంటావ్?

—

అత్తయ్యా, ఎందుకు లేచారు?

లేచింది అక్కా. తూటికూర అలాగే వదిలేసి… మామయ్య ముందు అగరొత్తి వెలిగిస్తోంది. ఈ వేళప్పుడు ఎప్పుడూ వెలిగించదు.

వినపడింది. మొత్తం వినపడినట్టుంది.

సింకు కింద వెతుకుతోంది… గుడ్డ విప్పుతోంది… అక్కా, సీసా. ఆకుపచ్చ సీసా.

అత్తయ్యా, ఇటివ్వండి. మీ అబ్బాయిని రానివ్వండి, నేను చెబుతా… అత్తయ్యా…

ఫ్రిజ్ మీద వెదురు టోపీ తీసుకుంది. నా వైపు చూడ్డం లేదు. చెప్పులేసుకుంటోంది. సీసా జేబులో పెట్టుకోలేదు, దాచుకోలేదు, అందరికీ కనపడేలా చేత్తో పట్టుకుంది.

తలుపు తీసింది.

వెళ్లిపోయింది… లేదు, షెడ్ వైపు కాదు, మా ఆయన దగ్గరికి కాదు. మిరపమడి దాటింది. కంచె దగ్గర తీగ తొక్కి దాటుతోంది. మీ గేటుకే.

బిక్ అక్కా, ఒక్క మాట. అడిగే మొహం కాదు నాది, అయినా అడుగుతున్నా. ఆవిడకి ఇంగ్లీషులో హలో, థాంక్యూ తప్ప రావు. నువ్వు పక్కన నుంచుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు డారెన్‌కి చెప్పు. నీ పొలం దక్కించుకునే మాటే, నువ్వే చెప్పు… కాస్త మెత్తగా చెప్పు.

నేనా… నేనూ వస్తున్నా. చేతులు కడుక్కుని.

వచ్చేసిందా… సరే. ఆవిడకి కుర్చీ వెయ్యి అక్కా, పెట్టేస్తున్నా.