వెంకాయమ్మ తంపటేసిన పదకొండు చెట్లు

వెంకాయమ్మని ఒకావిడుండేది మా లంకలో. తల్లీ తండ్రీ లేని మనవరాలు అమ్మాజీని తనే పెంచింది. ఆవిడ నోరంటే ఊరికి హడలు, ఆవిడ తేగలంటే ఊరికి ప్రాణం. గోదారొడ్డున ఇసక నేల కదా, ఆషాఢం శ్రావణాల్లో గుమ్మం ముందు తాటి టెంకలు పాతర వేసేదంట. కార్తీకం వచ్చేసరికి తేగలు తవ్వి, కుండలో నిలువునా పేర్చి, బోర్లించి, పైన గడ్డీ గాదం వేసి తంపట కాల్చిందంటే, ఆ వాసనకి జొరమొచ్చి పడుకున్నోడు కూడా లేచి కూచునేవోడు. నేను తిన్నాను కాబట్టి చెప్తన్నాను. సరే, ఆ అమ్మాజీ నర్సరీలో గులాబీలకి అంట్లు కట్టేది. అదే నర్సరీలో లోవరాజని ఒకడు. పనోడే, మంచోడే, కానీ కలల మనిషి. మొక్కకి నీళ్ళు పెట్టి దాన్నే చూస్తా నిలబడిపోతే మడి నిండి పొర్లి మేస్త్రీ కాళ్ళ కిందికొచ్చేదంట. అందరూ తిట్టేవోళ్ళు, అమ్మాజీకి మాత్రం అదే నచ్చింది. ఎందుకు నచ్చిందని నన్నడక్కండి. మనల్ని కూడా అలా చూసేవోడొకడుండాలని ఏ ఆడపిల్లకుండదు, చెప్పండి.

ఏమైందంటే, ఆ ఏడు మా వీధికి కొత్తగా సిమెంటు రోడ్డేసేరు. రెండు పక్కలా చెట్లు పెట్టాలన్నారు. ఏం పెడదామంటే అందరిదీ ఒకటే మాట, అశోకాలు, కాకపోతే బాటిల్ పామ్ చెట్లు. అప్పుడు లోవరాజు లేచి, మన ఊళ్ళోంచి లారీలకి లారీలు మొక్కలు దేశం మీదికి పోతన్నాయి, మన వీధికి మాత్రం ఏ కల్యాణ మండపం ముందు చూసినా కనపడే చెట్లేనా అన్నాడంట. నా దగ్గర వెండాకు తాడి గింజలున్నాయి, మద్రాసు వైపు తోటలోంచి లారీ డ్రైవరు తెచ్చిచ్చేడు, పన్నెండున్నాయి, ఈ పక్క ఆరు ఆ పక్క ఆరు పెడదాం, మన తాడిలాగే విసనకర్ర ఆకు, కానీ పచ్చగా ఉండదు, వెండి తోమి ఆరబెట్టినట్టుంటది, మిట్టమధ్యాన్నం చూసినా దాని మీద వెన్నెలుంటది అని చెప్పుకుపోతన్నాడు. వార్డు మెంబరు తాతబ్బాయి ఊరుకుంటాడా. ఏరా, వీధిలో తాడి చెట్లంటున్నావు, కల్లు గీతగాణ్ణి కూడా నువ్వే తెస్తావా, మమ్మల్నే ఎక్కమంటావా అన్నాడు. అంతే, నవ్వులే నవ్వులు. అశోకాలే ఖాయం చేసుకుని లేచిపోయేరు.

అలాంటి రోజు చూసుకుని ఎవడైనా పిల్లనడగడానికెళ్తాడా. ఈడు అదే రోజు సాయంత్రం వెంకాయమ్మ అరుగు కాడికెళ్ళి, మామ్మా, అమ్మాజీని నాకియ్యి అన్నాడంట. ఆవిడ వక్క కొరుకుతా, ఎవరికీ అక్కర్లేని చెట్టు నెత్తినెట్టుకుని ఊరేగుతున్నావు, నీకిస్తే నా పిల్ల ఏం తింటదిరా, ఆకులా అంది. ఈడు కదలడే. అలా నిలబడే ఉన్నాడు. చివరికి ఆవిడకే విసుగొచ్చి, సరే, నీ చెట్టు నా గుమ్మం ముందు పెట్టవయ్యా అని ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడిగిన రోజున రా, అప్పుడు మాటాడదాం అంది. తోలెయ్యడానికి అన్న మాటది. ఈడు దాన్ని తాంబూలం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని వచ్చేసేడు.

అడగాలంటే ముందు చెట్టు కనపడాలి కదా. గింజలు మొలవాలంటే ఇసక కావాలి. లోవరాజు దొడ్డంతా నల్లమట్టి, గింజ కుళ్ళిపోద్ది. అప్పుడు అమ్మాజీ, మా మామ్మ పాతరలో ఓ మూల పెట్టు, ఆవిడ చూపానదు, నేను కనిపెట్టుకునుంటాను అంది. ఇద్దరూ కలిసి గుట్టుగా పాతేరు. ఈ జాతికో పట్టింపుంది, వినండి. పైకి ఆకు రాకముందే కిందికి ఊడ దిగుద్ది, అచ్చం మన తేగలాగే. ఆ ఊడ లోతుకు పోయిందంటే ఇంక కదపకూడదు, కదిపితే చచ్చిపోద్ది. అందుకని కార్తీకంలో, చిన్నగా ఉండగానే తీసి పొడుగు సంచుల్లోకి మారుద్దామనుకున్నారు. మూడో సోమారం తీద్దామనుకుంటే ఆ రోజు నర్సరీలో లారీ లోడింగు పడింది. రేపు చూద్దాంలే అనుకున్నారు.

ఆ సోమారమే వెంకాయమ్మకి తేగ మీద మనసు పోయింది. పార పట్టుకుని పాతర తవ్వింది. మంచి తేగలన్నీ వచ్చినాక మూల్లో సన్నసన్నవి, చిటికెనవేలంతవి తగిలినియ్యంట. ఈ ఏడు అడుగున పిల్ల తేగలుండిపోయినియ్యే అనుకుని వాటినీ పెరికింది. పదకొండొచ్చినియ్. పన్నెండోది రాలేదు. పట్టి లాగింది, రాలేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగితే నడుం కలుక్కుమంది గానీ అది రాలేదు. పోనీ, ఏదో వేరులే అనుకుని ఇసక కప్పేసింది. తంపటేసింది. వాసనైతే బాగానే వచ్చింది. పెద్ద తేగలు తిని, పిల్ల తేగ ఒకటి కొరికిందనుకో, చేదు. వేపపుల్ల నయం. రెండోది కొరికింది, చేదు. నా పాతరలో తేగ చేదా అని పౌరుషం వచ్చి మూడోది, నాలుగోది, అలా పదకొండూ కొరికి చూసిందంట. మనిషన్నాక అంత పట్టుదలుండకూడదు.

అమ్మాజీ పని నించొచ్చేసరికి గుమ్మంలో కొరికి పారేసిన సన్న తేగల తుక్కు. చూసింది, తెలిసిపోయింది. దడి అవతల లోవరాజుని పిలిచి చెప్పి ఏడిచింది. ఈడేమో, మామ్మకి చెప్పకు అన్నాడు. తెలిస్తే వీధిలో తలెత్తుకోలేదు, ఆ తేగలే కదా ఆవిడ గొప్ప. ఎవరైనా అడిగితే పందికొక్కు తినేసిందని చెప్దాం, మన పెళ్ళి మాట తర్వాత చూసుకుందాం, ఇంకో ఏడు ఆగలేవా అన్నాడు. దడికి ఇవతల వెంకాయమ్మ నోరు పుక్కిలిస్తా అంతా వింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాటి నుంచి ఊరందరిదీ ఒకటే మాట. పాపం, వెంకాయమ్మ పాతరలో దాచిన లోవరాజు గింజలు పందికొక్కు తినేసిందంట. దాని పళ్ళు రాలిపోను అని ఒకళ్ళు, దాని కడుపు మండిపోను అని ఇంకొకళ్ళు. వెంకాయమ్మ అరుగు మీద కూచుని, ఎందుకమ్మా అలా తిడతారు, దానికేం తెలుసు, ఆకలేసి తినుంటది అనేదంట. పందికొక్కుని ఎనకేసుకొచ్చిన మనిషిని మొదటిసారి చూసేం. నవ్వకండి, ముందుంది.

తాతబ్బాయికి వేరే భయం పట్టుకుంది. పందికొక్కు ఉందంటే బొరియలుంటాయి, బొరియలుంటే కొత్త రోడ్డు కుంగిపోద్ది. నలుగుర్నేసుకుని, గునపాలు పట్టుకుని నాలుగో రోజు పొద్దున్నే వెంకాయమ్మ వాకిట్లో దిగిపోయేడు. వాకిలంతా తవ్వుదాం, ముందా పాతర మూల మొదలెట్టండి అన్నాడు. పక్కనున్న లోవరాజుకి తన అబద్ధం తనకే చుట్టుకుంది. గునపం లేచింది. ఇంతలో వెంకాయమ్మ గబగబా వచ్చి సరిగ్గా ఆ మూలే ఇసకలో కూలబడింది.

"లే మామ్మా, కింద పందికొక్కుంది."

"కింద లేదురా. పైన కూచుంది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే మళ్ళీ, ఆ గింజలు తిన్నది నేనే, తేగలనుకుని తంపటేసుకున్నాను, పదకొండూ నేనే తిన్నాను, ఈ కుర్రోడు నా పరువు కోసం పందికొక్కుని తిట్టించేడు అంది. ఇంకోటుంది, ఇక్కడే, నా కింద. లాగితే రాలేదు. గునపాలు పక్కన పడెయ్యండి అంది. లోవరాజు మోకాళ్ళ మీద కూచుని, ఆవిణ్ణి పక్కకి జరిపి, చేత్తో ఇసక తప్పించేడు. ఉంది. గడ్డిపోచంత మొన, ఎర్రగా. ఈడు దానికి అరచెయ్యి అడ్డంపెట్టి, మామ్మా, దీన్నింక కదపలేం, కదిపితే చచ్చిపోద్ది, కానీ ఇది నీ గుమ్మానికి అడ్డం కదా అన్నాడంట.

"అడ్డమైతే నేనే చుట్టూ తిరిగెళ్తాను. ఉంచెయ్యి. నా గుమ్మం ముందు నాకే కావాలి."

ఈడింకా ఆ మొన వంకే చూస్తన్నాడు. దడి కాడ నిలబడ్డ అమ్మాజీ, చేతిలో అంట్లు కట్టే నారతోనే లోపలికొచ్చి, ఒక్కళ్ళు అడగాలంది మామ్మ, ఆవిడే అడిగింది, లేచి మట్టి దులుపుకో అంది. అప్పుడు ఎక్కింది ఈడికి.

మాఘంలో పెళ్ళయ్యింది. పందిరి గుంజలు ఆ మొలక చుట్టూ ఎడం చేసి పాతేరు. మొదట్లో ఆకు గరిక పోచలా ఉంటే, ఇదేనా మీ వెండి అని ఊరు నవ్వింది. నాలుగో ఏట విచ్చుకుంది విసనకర్ర, ఆ పొద్దున వీధిలో వెళ్ళేవోళ్ళు సైకిళ్ళు దిగి నిలబడిపోయేరు. తాతబ్బాయే రెండు మొక్కలు తెప్పించమని వచ్చేడు. ఇప్పుడు మీరు చూస్తన్న ఈ వరసంతా అలా వచ్చిందే. వెంకాయమ్మ మాత్రం ఉన్నన్నాళ్ళూ, బస్సు దిగి అడిగినోళ్ళందరికీ, ఈ చెట్టు నేను పెంచిందే, లోవరాజుకేం తెలుసు, ఆడు పీకేద్దామంటే నేనే ఆపేను అని చెప్పేది. పక్కనే మొక్కలకి నీళ్ళు పెడతా వినేవోడు లోవరాజు. మరేం చేస్తాం. తప్పయిందని ఒప్పుకోడానికి మనిషికి జన్మకొక్కసారే అవకాశం ఇస్తాడు దేవుడు, ఆవిడ కోటా ఆ నాలుగో రోజు పొద్దున్నే అయిపోయింది.