అమ్మకీ గడియారానికీ మధ్య

తల్లి చివరి పుట్టినరోజున తమ్ముడు తీసిన వీడియోను, ఆమె పోయిన తరువాత అక్కాతమ్ముళ్ళు మొదటిసారి కంప్యూటర్‌లో చూస్తున్నారు.

“అమ్మ కుర్చీ వెనకాల ఆ మసక ఆకారం ఎవర్రా?”

“నువ్వే అక్కా. చవకలో దొరికిన పాత లెన్స్‌ని అడాప్టర్ పెట్టి కొత్త కెమెరాకి తగిలించాను. అంతకన్నా ఏం వస్తుంది?”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. మరి నీ పెళ్ళాం చెవిపోగులు తళతళలాడుతున్నాయే!”

“అప్పుడు కెమెరాయే ఫోకస్ అటు పట్టుకుంది.”

“పాత లెన్స్‌కి ఫోకస్ దానంతటది కుదరదని, ప్రతిసారీ చేత్తో తిప్పాలని ఆవేళ గొప్పలు పోయింది నువ్వే కదా?”

“హడావుడిలో చూసుకోలేదక్కా.”

“సరే, ఇక్కడ చూడు. ముందు అమ్మ ముఖం స్పష్టంగా ఉంది. తర్వాత వెనక గోడమీది గడియారం స్పష్టంగా ఉంది. ఆ రెంటికీ మధ్య నిలబడింది నేను. ఫోకస్ తిప్పే నీ చెయ్యి నన్ను దాటకుండా గోడదాకా వెళ్ళదు కదా, నా దగ్గర ఎందుకు ఆగలేదురా?”

“ఇక ఆపేద్దాం అక్కా.”

“అన్నేళ్ళు అమ్మని కనిపెట్టుకుని ఉన్నాను. ఇద్దరం కలిసున్న ఫొటో ఒక్కటీ లేదు. ఇదైనా మిగులుతుందనుకున్నాను.”

“సాఫ్ట్‌వేర్‌తో నీ ముఖం బాగుచేయిస్తానక్కా.”

“వద్దు. కనబడని ముఖాన్ని అది ఊహించి గీస్తుంది. అప్పుడు అమ్మ వెనకాల ఇంకెవరో నిలబడతారు.”